హైదరాబాద్ నంబర్ 12ఎ

లండన్ ఉత్తర శివారు హెండన్‌లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం ఉంది. అక్కడున్న మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల్లో ఒకటి డి హావిలాండ్ 9ఎ. ఒకదానిపై ఒకటిగా రెండు వరుసల రెక్కలు, చెక్క చట్రం, దాని మీద బిగించిన బట్ట, ముందు నాలుగు వందల అశ్వశక్తి గల అమెరికా లిబర్టీ ఇంజను. సీరియల్ నంబరు ఎఫ్1010. ఇది హైదరాబాద్ నిజాం బహూకరించిన విమానమని దాని పక్కభాగం మీద ఇంగ్లీషులో రాశారు. దానితో పాటు ‘హైదరాబాద్ నంబర్ 12ఎ’ అని కూడా వేశారు. మన ఊరి పేరు పెట్టుకుని యుద్ధానికి వెళ్లి, శత్రువుకు చిక్కి, జర్మనీలో కొన్నాళ్లు, పోలండ్‌లో కొన్నాళ్లు గడిపి, అరవై ఏళ్లు కావస్తుండగా ఇంగ్లండ్ చేరిన విమానం ఇది.

హైదరాబాద్ ఉత్తర శివారు అల్వాల్ వాళ్లకు విమానాల మోత కొత్త కాదు. రాజీవ్ రహదారి మీద లోతుకుంట దాటి శామీర్‌పేట వైపు వెళ్తుంటే దారిలోనే హకీంపేట వైమానిక స్థావరం వస్తుంది. బొల్లారం, తిరుమలగిరి కంటోన్మెంటు కాలం నుంచీ సైన్యం ఊళ్లు. సైనిక్‌పురి పేరులోనే అక్కడ ఎవరు స్థిరపడ్డారో ఉంది. అయినా హైదరాబాద్ పేరు పెట్టుకున్న మూడు స్క్వాడ్రన్లు ప్రపంచ యుద్ధాల్లో పోరాడాయన్న సంగతి ఈ చుట్టుపక్కల తెలిసినవాళ్లు తక్కువ. ఆ విమానాల శకలాలను తవ్వి తీసేవాళ్లు, దాచేవాళ్లు, కొనేవాళ్లు, అమ్మేవాళ్లు మాత్రం ఇంగ్లండ్‌లో చాలామంది ఉన్నారు. విమానాలు కొనడానికి డబ్బు ఇక్కడి నుంచి వెళ్లింది. వాటి కథ చెప్పే పని అక్కడివాళ్లు చేస్తున్నారు.

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కారు. మూడేళ్లు తిరక్కుండానే యూరప్‌లో యుద్ధం వచ్చింది. నిజాం సైన్యంలోని లాన్సర్లు పాలస్తీనా రంగానికి వెళ్లారు. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలోని మూడు సైనిక విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌ది. మిగతా రెండూ జోధ్‌పూర్, మైసూర్‌లవి. 1918 జనవరి 1న నిజాంకు ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ అనే గౌరవం దక్కింది. ఇక్కడి సంస్థానాధీశుల్లో ఆ గౌరవం మరెవరికీ లేదు. ‘బ్రిటిష్ ప్రభుత్వపు నమ్మకమైన మిత్రుడు’ అనే బిరుదు కూడా ఉంది. బిరుదులకూ విరాళాలకూ మధ్య లెక్క ఎవరూ కాగితం మీద పెట్టరు. కానీ రెండు వైపులవాళ్లకూ అది తెలుసు.

ఆ కానుకల్లో ఒకటి రాయల్ ఎయిర్‌ఫోర్స్ 110వ స్క్వాడ్రన్. దాని తొలి విమానాలు నిజాం డబ్బుతో వచ్చాయి. ఒక్కొక్క దాని మీద ఆ సంగతి రాసి, వరుస సంఖ్య వేశారు. 9ఎ రకం విమానాలతో యుద్ధరంగంలోకి దిగిన మొదటి స్క్వాడ్రన్ కూడా ఇదే. 1918 సెప్టెంబరు మొదట్లో ఇంగ్లండ్‌లోని కెన్లీ నుంచి ఫ్రాన్స్‌లోని బెటాంకూర్‌కు చేరింది. బ్రిటిష్ వైమానిక సేనాని ట్రెంచార్డ్ నాయకత్వంలోని ఇండిపెండెంట్ ఫోర్స్‌లో భాగంగా పట్టపగలే జర్మన్ పట్టణాల మీద బాంబులు వేయడం దాని పని. వెంట రక్షణగా ఫైటర్లు లేవు. కొద్ది వారాల్లోనే విమానాలు, మనుషులు వరసగా పోయారు. అక్టోబరు 5న కైజర్స్‌లౌటర్న్ దాడికి వెళ్లిన ఎఫ్1010 తిరిగి రాలేదు. అందులోని కెప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ ప్రాణాలతో జర్మన్లకు బందీలయ్యారు. విమానం కూడా పెద్దగా చెడకుండా వాళ్ల చేతిలో పడింది. ఇంకో ఐదు వారాలకు యుద్ధమే ముగిసింది.

ఎఫ్1010 బతికిందంటే కారణం శత్రువే. గెలిచిన బ్రిటన్ తన 9ఎ విమానాలను కొన్నేళ్లు వాడుకుని, తర్వాత తుక్కు కింద వదిలించుకుంది. ఓడిన జర్మనీ మాత్రం చేజిక్కిన విమానాన్ని విజయచిహ్నంగా దాచుకుంది. 1936లో బెర్లిన్‌లో తెరిచిన వైమానిక సంగ్రహాలయంలో ఎఫ్1010ని ప్రదర్శనకు పెట్టారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడటంతో ఆ సంగ్రహంలో కొంత భాగాన్ని తూర్పుకు తరలించారు. యుద్ధం అయ్యేసరికి ఆ చోటు పోలండ్‌లో ఉంది. అలా ఎఫ్1010 చివరికి క్రాకోవ్ వైమానిక మ్యూజియం పాలైంది. 1977లో మార్పిడి జరిగింది. ఎఫ్1010 ఇంగ్లండ్‌కు వచ్చింది, బదులుగా ఎస్ఎం411 అనే స్పిట్‌ఫైర్ క్రాకోవ్‌కు వెళ్లింది. ఆ తర్వాత పోయిన భాగాలను కొత్తగా చేసి, విమానాన్ని నిలబెట్టి ప్రదర్శనకు పెట్టారు. నిజాం కానుకగా ఇచ్చిన విమానం విలువ పోలండ్‌లో ఒక స్పిట్‌ఫైర్‌తో సమానంగా తేలింది.

ఎఫ్1010 ఫైటర్ కాదు, బాంబరు. హైదరాబాద్ పేరున్న ఫైటర్లు వచ్చింది రెండో యుద్ధంలో. ఈసారి నిజాం విరాళంతో రెండు స్క్వాడ్రన్లకు ఆ పేరు వచ్చింది. 1939 అక్టోబరులో ఇంగ్లండ్ ఉత్తరాన అక్లింగ్టన్‌లో 152వ స్క్వాడ్రన్, ఆగ్నేయాన మాన్‌స్టన్‌లో 253వ స్క్వాడ్రన్ ఏర్పడ్డాయి. మొదటిది స్పిట్‌ఫైర్లకు, రెండోది హరికేన్లకు మారాయి. 152 చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు ఉంటాయి. ఇరవై ఏళ్ల కిందటి బిరుదు ఇలా యుద్ధ విమానాల దళానికి నినాదమైంది. పాత 110 అప్పటికే బ్లెన్‌హైమ్ బాంబర్లతో పనిచేస్తోంది. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడు, 1939 సెప్టెంబరు 4న, విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మన్ నౌకల మీద జరిగిన తొలి బాంబు దాడికి నాయకత్వం వహించింది ఆ స్క్వాడ్రనే. ఆ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం వేసిన మొట్టమొదటి బాంబుల వెనక హైదరాబాద్ పేరుంది.

కానుకలు విమానాలతో ఆగలేదు. ఆస్ట్రేలియా నౌకాదళంలో ‘నిజాం’ అనే యుద్ధనౌక కూడా ఉండేది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ ప్రెసిడెన్సీ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్లు కూడా ఉండేవి, 234, 264 వంటివి. కాబట్టి తెలుగు నేలలో రెండు పక్కల నుంచీ ఈ లెక్కలోకి డబ్బు చేరింది.

ఎవరి డబ్బు అన్న ప్రశ్నను చరిత్రకారుడు దాటవేయకూడదు. మేడ్చల్ చుట్టుపక్కల ప్రాంతం అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా కిందికి వచ్చేది. అది సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఎస్టేటు. విరాళం ప్రభుత్వ ఖజానా నుంచి పోయినా, నిజాం సొంత పెట్టెలోంచి పోయినా, అది మొదట పుట్టింది రైతు కట్టిన శిస్తులోనే. రెండో యుద్ధ కాలంలో తెలంగాణ పల్లెల్లో లెవీ గల్లా పేరుతో రైతు గింజలు బలవంతంగా కొలిపించారు. కొన్నేళ్లకే రగిలిన సాయుధ పోరాటానికి ఆ లెవీ కూడా ఒక కారణం. స్పిట్‌ఫైర్ మీద హైదరాబాద్ పేరు చూసి గర్వపడేవాళ్లు గర్వపడవచ్చు. ఆ పేరు అక్కడ వేయించిన డబ్బు ఎవరి చెమటో కూడా పక్కనే చెప్పాలి.

1940 వేసవిలో బ్రిటన్ ఆకాశంలో జరిగిన యుద్ధంలో ఈ రెండు స్క్వాడ్రన్లూ ఉన్నాయి. 152ని జులైలో డోర్సెట్‌లోని వార్మ్‌వెల్‌కు మార్చారు. పోర్ట్‌లాండ్ నౌకా స్థావరాన్ని, నైరుతి తీరాన్ని కాచడం దాని పని. సముద్రం మీద జరిగిన పోరాటాల్లో పోయినవాళ్లు చాలామంది మళ్లీ కనిపించలేదు. ఆ స్క్వాడ్రన్ పైలట్ ఎరిక్ మార్స్ ఇంటికి రాసిన ఉత్తరాల వల్ల ఆ నెలల సంగతులు మనకు తెలుస్తున్నాయి. ఆయన 1941 జులై 24న బ్రెస్ట్ దాడికి రక్షణగా వెళ్లి చనిపోయారు. 1940 సెప్టెంబరు 25న ఫిల్టన్‌లోని విమాన కర్మాగారం మీద జర్మన్ బాంబర్లు పడ్డాయి. తిరిగి వెళ్తున్న ఒక హైన్‌కెల్‌ను ఆస్ట్రేలియన్ సార్జెంట్ కెన్నెత్ హాలండ్ వెంటాడి కొట్టాడు. ఆ బాంబరు తుపాకీ గుండ్లు ఆయనకూ తగిలాయి. సోమర్సెట్‌లోని వుల్వర్టన్ అనే పల్లెటూరి పొలంలో ఆయన స్పిట్‌ఫైర్ కూలింది. ఆయనకు అప్పుడు ఇరవై ఏళ్లు. ఆ ఊరు ఆయన పేరుతో స్మారకశిల నిలుపుకుంది. ఆ స్క్వాడ్రన్ పేరులోని హైదరాబాద్ ఎక్కడుందో ఆ పల్లెవాళ్లలో ఎంతమందికి తెలుసో!

253 కథ ఇంకా కఠినం. ఆగస్టు చివర్లో కెన్లీకి వచ్చిన కొద్ది రోజుల్లోనే దాని నాయకులు ఇద్దరూ దెబ్బతిన్నారు. ఆగస్టు 31న స్క్వాడ్రన్ లీడర్ హెరాల్డ్ స్టార్ చనిపోయారు. అదే రోజు స్క్వాడ్రన్ లీడర్ టామ్ గ్లీవ్ హరికేన్‌కు నిప్పంటుకుంది. కాక్‌పిట్‌లో మంటల మధ్య నుంచి బయటపడి, పారాచూట్‌తో దిగేసరికి ఒళ్లంతా కాలిపోయింది. విమానం కెంట్‌లోని కడమ్ దగ్గర మేస్ ఫామ్ అనే చోట నేలలో దిగబడింది. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్చిబాల్డ్ మెకిండో కాలిన పైలట్లకు ప్లాస్టిక్ సర్జరీలు చేసేవారు. అప్పటికి ఆ వైద్యం ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది కాబట్టి, తమ మీదే ప్రయోగాలు జరుగుతున్నాయని నవ్వుకుంటూ ఆ రోగులు 1941లో ‘గినీ పిగ్ క్లబ్’ పెట్టుకున్నారు. ‘చీఫ్ గినీ పిగ్’ బిరుదు గ్లీవ్‌దే. తన అనుభవాన్ని ఆయన ఆ ఏడే పేరు చెప్పకుండా పుస్తకంగా వేశారు. 1993 వరకూ బతికారు. ఆయన హరికేన్ మీద హైదరాబాద్ అని రాసి ఉందో లేదో గానీ, ఆయన నడిపించింది హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్.

ఇక ఆ శకలాల సేకరణ. యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఊరి పిల్లలు కూలిన విమానాల ముక్కలు ఏరుకునేవారు. నిజమైన వేట 1960లలో మొదలైంది. 1969లో వచ్చిన ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’ సినిమా దానికి ఊపునిచ్చింది. వారాంతాల్లో పారలు, లోహాన్ని పసిగట్టే యంత్రాలు పట్టుకుని సేకర్తలు పొలాల్లోకి దిగారు. చిన్న చిన్న సంఘాలు పుట్టాయి. కెంట్, ససెక్స్ పల్లెల్లో మ్యూజియంలు తెరిచారు. టాంగ్‌మియర్ సైనిక వైమానిక మ్యూజియం 1982లో మొదలైంది.

నిట్టనిలువుగా దిగిన ఫైటర్ నేల గట్టిగా లేకపోతే చాలా లోతుకు పోతుంది. అన్నిటికంటే బరువైన ఇంజను ముందు నడుస్తుంది, కాక్‌పిట్ దాని వెనక నలిగిపోతుంది, రెక్కలు మాత్రం పైనే చిందరవందరగా పడతాయి. అప్పట్లో రికవరీ దళాలు పైన కనపడ్డది తీసుకుపోయి, గొయ్యి పూడ్చేవి. లోపల ఏముందన్నది మట్టిని బట్టి ఉంటుంది. సుద్దనేలలో లోహం క్షయమవుతుంది. బంకమట్టిలో గాలి ఆడదు కాబట్టి తోలు, రబ్బరు, ఒక్కోసారి కాగితం కూడా నలభై, యాభై ఏళ్ల తర్వాత బయటపడతాయి. సముద్రపు నీళ్లలో అల్యూమినియం తుప్పుపట్టి పాడవుతుంది, మెగ్నీషియం భాగాలు ఇంకా త్వరగా కరిగిపోతాయి. 152 పోగొట్టుకున్న విమానాల్లో చాలా వాటి ముక్కలు దొరకకపోవడానికి కారణం సముద్రం.

అరచేతంత రేకు ముక్క ఒకటి చేతికొచ్చిందనుకోండి. ఒక పక్క ఆకుపచ్చ, మట్టిరంగు కలిసిన, శత్రువు కళ్లను మభ్యపెట్టే రంగు పెచ్చులు పెచ్చులుగా ఉంటుంది. రెండో పక్క బూడిద కలిసిన లేత ఆకుపచ్చ ఉంటే అది కాక్‌పిట్ లోపలి భాగం కావచ్చు. అంచున రివెట్ల వరుస. రివెట్ తల రేకుతో సమానంగా చదునుగా ఉందా, ఉబ్బెత్తుగా ఉందా చూడాలి. తర్వాత భూతద్దం పెట్టి ముద్ర వెతకాలి. స్పిట్‌ఫైర్‌కు తయారీదారు పెట్టుకున్న టైపు సంఖ్య 300, అందుకని దాని భాగాల్లో చాలా వాటి సంఖ్యలు 300తో మొదలవుతాయి. సూపర్‌మెరైన్ తనిఖీదారు ముద్రలో 6ఎస్ ఉంటుంది. కాసిల్ బ్రామ్‌విచ్ ఫ్యాక్టరీదైతే సీబీఏఎఫ్ అని ఉంటుంది. హరికేన్ అయితే లెక్క వేరు. దాని వెనక భాగం ఉక్కు గొట్టాలు, చెక్క, బట్ట. కాబట్టి దొరికేది ఎక్కువగా గొట్టం ముక్కలే. హాకర్ కంపెనీ ఆ గొట్టాల కొసలను చదరంగా నొక్కి జోడించేది. ఆ కొస చూస్తే తెలిసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. ఇక ప్రొపెల్లర్. రోటాల్ చెక్క రెక్కలు ముక్కలుముక్కలవుతాయి, డి హావిలాండ్ లోహపు రెక్కలు వంగుతాయి. ఏ వైపు, ఎంత వంగిందో చూసి నేలను తాకినప్పుడు ఇంజను తిరుగుతోందో లేదో చెప్పే నిపుణులున్నారు.

ఇంత చూసినా తేలేది ఆ ముక్క ఏ రకం విమానానిదన్నదే. ఏ విమానానిది, ఎవరు నడుపుతుండగా కూలింది అన్నవి ముక్క చెప్పదు. చాలా భాగాల మీద విమానం సీరియల్ నంబరు ఉండదు. అందుకు ఇంజను నంబరు పలక, తుపాకుల నంబర్లు, వాయుసేన విమాన కార్డులు, స్క్వాడ్రన్ దినచర్య పుస్తకాలు కావాలి. ఆ పుస్తకాలు లండన్ శివారు క్యూలోని జాతీయ అభిలేఖాగారంలో ఏఐఆర్ 27 వరుసలో ఉన్నాయి. హైదరాబాద్ స్క్వాడ్రన్లవి కూడా అందులోనే. మంచి సేకర్త వారం తవ్వితే ఏడాది చదువుతాడు. ముక్క ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి, ఎంత లోతులో దొరికిందో రాసిన చీటీ పోతే, మిగిలేది తుక్కే. నా దృష్టిలో ఈ రంగంలో అసలు వస్తువు ఆ చీటీ.

తవ్వకాల్లో లోహంతో పాటు మనుషులు కూడా బయటపడ్డారు. 1970లలో కొన్ని గోతుల్లో, ఆచూకీ దొరకనివాళ్ల లెక్కలో ఉన్న పైలట్ల అవశేషాలు దొరికాయి. కొందరు సేకర్తలు గౌరవంగా అధికారులకు అప్పగించారు, అందరూ అలా చేయలేదు. అందుకే బ్రిటన్ 1986లో సైనిక అవశేషాల రక్షణ చట్టం తెచ్చింది. కూలిన ప్రతి సైనిక విమానం దాని కిందికి వస్తుంది. రక్షణ శాఖ లైసెన్సు లేకుండా కదిలిస్తే నేరం. మానవ అవశేషాలు ఉంటాయనుకున్న చోట సాధారణంగా లైసెన్సు ఇవ్వరు. చాలామంది సేకర్తలు అప్పట్లో ఈ చట్టాన్ని తిట్టారు. అది సరైన చట్టమే. పైలట్ ఎముకలున్న గొయ్యిని షోకేసు కోసం తవ్వకూడదు.

ముక్కల నుంచి పూర్తి విమానం చేసేవాళ్లది ఇంకో దారి. హరికేన్ పీ3717 అందుకు ఉదాహరణ. 1940 ఆగస్టు 30న 253వ స్క్వాడ్రన్ పోలిష్ పైలట్ సమోలిన్‌స్కీ దాంట్లో ఎగురుతూ ఒక జర్మన్ మెసర్‌ష్మిట్ 110ని కూల్చాడు. నెల తిరక్కుండా సెప్టెంబరు 26న ఆయన చనిపోయాడు. విమానం మాత్రం మిగిలింది. దాన్ని మార్చి, కొత్త నంబరు వేసి సోవియట్ రష్యాకు పంపారు. దశాబ్దాల తర్వాత దాని అవశేషాలు ఇంగ్లండ్ చేరాయి. పునర్నిర్మాణం తర్వాత 2017లో మళ్లీ 253 రంగులతో గాల్లోకి లేచింది. ఇలాంటి విమానాల్లో పాత లోహం ఎంత, కొత్తది ఎంత అని వాదులాడుకుంటారు. ఎగరాలంటే కొత్త లోహం తప్పదు. కానీ ఎంత కొత్తదో చెప్పకుండా దాచడం మోసం. ఏదైనా, హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్ తరఫున పోరాడిన ఒక ఫైటర్ ఈ శతాబ్దంలో ఎగరడం చిన్న సంగతి కాదు.

ఈ వేటలో భారతదేశానికి పెద్ద చోటుంది. మన ఎండలో, మన నిర్లక్ష్యంలో యుద్ధ విమానాలు బతికాయి. స్వతంత్రం వచ్చాక మన వాయుసేనకు స్పిట్‌ఫైర్లు, టెంపెస్టులు మిగిలాయి. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీస్ చర్యలో హైదరాబాద్ సంస్థానం మీదికి వచ్చినవి టెంపెస్టులే. వరంగల్, బీదర్ విమానాశ్రయాలు వాటి లక్ష్యాలు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాంకు ఆయుధాలు దొంగచాటుగా తెచ్చింది ఇలాంటి విమానాశ్రయాల గుండానే. ఆ పనికి లండన్ కోర్టు కాటన్‌కు వేసిన జరిమానా 200 పౌండ్లు. ఎనిమిదేళ్ల కిందట బ్రిటన్‌కు ఫైటర్లు బహూకరించిన నిజాం మీదికి బ్రిటన్‌లో తయారైన ఫైటర్లే వచ్చాయి. 1950ల మొదట్లో హకీంపేటలో యువ పైలట్లు ఫైటర్లకు అలవాటుపడింది కూడా ఈ యుద్ధకాలపు విమానాల మీదే. ఆ తర్వాత జెట్లు వచ్చాయి.

పనికిరాకుండా పోయిన టెంపెస్టులను కొన్ని స్థావరాల్లో శత్రువును ఏమార్చే డమ్మీలుగా నిలబెట్టారు. స్పిట్‌ఫైర్లను సాంకేతిక కళాశాలలకు పాఠాల కోసం ఇచ్చారు. 1970ల చివర్లో హేడన్-బెయిలీ సోదరులు వంటి బ్రిటిష్ సేకర్తలు వచ్చి ఇలాంటి వాటిని కొని ఓడల్లో తీసుకుపోయారు. బెంగళూరు జాలహళ్లిలో పాఠాలకు ఉపయోగపడిన స్పిట్‌ఫైర్ ఎంవీ293 ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఎగురుతోంది. రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలోని టెంపెస్టు పీఆర్536 మన వాయుసేనలో హెచ్ఏ457గా పనిచేసినదే. బికనీర్ జునాగఢ్ కోటలో చెదలు తిన్న డి హావిలాండ్ 9 విమానాల భాగాలు కూడా ఇలాగే దొరికాయి. వాటిలో ఒకటి 2019లో ఇంగ్లండ్‌లో ఎగిరింది. మన దగ్గర కొన్నే మిగిలాయి. ఢిల్లీ పాలం మ్యూజియంలో హరికేన్, స్పిట్‌ఫైర్, టెంపెస్టు ఉన్నాయి. అమ్మినవాళ్లను ఇప్పుడు తప్పుపట్టడం తేలిక. అయితే ఆనాడు కొననివి కొలిమిలో కరిగిపోయాయని మరవకూడదు.

కాగితం లేని వేట ఎక్కడికి దారితీస్తుందో బర్మా చూపించింది. 1944 నుంచి 152వ స్క్వాడ్రన్ అక్కడే స్పిట్‌ఫైర్లతో జపాన్ మీద పోరాడింది. ఆ విమానాల పక్కన దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. యుద్ధం ముగిశాక పెట్టెల్లో ప్యాక్ చేసిన స్పిట్‌ఫైర్లను రంగూన్ మింగలడాన్ విమానాశ్రయం దగ్గర పాతిపెట్టారన్న పుకారును డేవిడ్ కండాల్ అనే ఆంగ్ల రైతు ఏళ్ల తరబడి వెంటాడాడు. 2012లో బ్రిటిష్ ప్రధాని స్థాయిలో మాటలు జరిగాయి. ఒక వీడియోగేమ్ కంపెనీ ఖర్చు పెట్టుకుంది. 2013 మొదట్లో తవ్వారు. ఒక్క విమానం కూడా దొరకలేదు. వెంట వెళ్లిన పరిశోధకులు పాత దస్త్రాలు చూసి, పాతిపెట్టిన ఆధారమే లేదని తేల్చారు. దస్త్రాలు ముందే చదివి ఉంటే ఆ ఖర్చు మిగిలేది.

మన చట్టం సంగతి. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం కింద ఒక వస్తువు పురావస్తువు కావాలంటే నూరేళ్లు నిండాలి. శాస్త్ర, చారిత్రక, సాహిత్య విలువ గల చేతిరాత ప్రతులకైతే డెబ్బై అయిదేళ్లు చాలు. 1940 నాటి విమాన భాగం 2040 వరకూ ఆ చట్టం కంటికి ఆనదు. వాయుసేన విమానం ఇటీవల కూలిన చోటు నుంచి ముక్క ఏరుకోవడం వేరే సంగతి. అది ప్రభుత్వ ఆస్తి, ముట్టుకోకూడదు. పాత తూటా ఇంట్లో దొరికితే గుర్తుగా దాచకుండా పోలీసులకు చెప్పాలి.

అల్వాల్, బొల్లారం, యాప్రాల్, సైనిక్‌పురి ఇళ్లలో వాయుసేనలో పనిచేసినవాళ్ల పెట్టెలు ఇంకా ఉన్నాయి. పైలట్ లాగ్‌బుక్కులు, స్క్వాడ్రన్ ఫొటోలు, విమానం గడియారం, ఇంజను పలక, పేపర్‌వెయిట్‌గా మారిన పిస్టన్ వంటివి ఆ పెట్టెల్లో ఉండొచ్చు. ఇల్లు మారేటప్పుడో, తాతగారు పోయాకో ఇవి పాత ఇనుప సామాను బండెక్కుతాయి. అలాంటిది మీ ఇంట్లో ఉంటే దాన్ని తోమి మెరిపించకండి, ముద్రలు, రంగు అందులోనే ఉంటాయి. ముందు వెనక ఫొటోలు తీయండి. ఎవరి దగ్గర నుంచి, ఏ స్థావరం నుంచి, ఏ ఏడు వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, తెలిసినంత వరకే రాసి, దానితోనే ఉంచండి. లాగ్‌బుక్ అయితే పుటలన్నీ స్కాన్ చేయించి ఒక ప్రతి తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు ఇవ్వడానికి ప్రయత్నించండి. అమ్మడం తప్పనిసరైతే అమ్మండి, కానీ ఆ చీటీ లేకుండా అమ్మవద్దు.